వర్జీనియాలో ఒక సోషల్ మాస్టారు

మా వైపు వర్జీనియా అంటే పొలంలో పెరిగే పొగాకు. టంగుటూరు, కొండపి, కందుకూరు చుట్టుపక్కల ఇద్దరు రైతులు ఎదురుపడితే క్షేమసమాచారాల తర్వాత వచ్చే ప్రశ్న "ఈ ఏడు వర్జీనియా ఎన్నెకరాలు వేశావు?" అనే. ఆకు రెలవడం, కర్రలకు అల్లడం, బ్యారన్ నింపి రాత్రంతా మంట కాచుకోవడం, వేలం కేంద్రంలో బేలు పక్కన నిలబడి కొనేవాడి మొహంలోకి చూడటం, ఈ పనుల మధ్యే పెరిగాను. తెల్లవారుజామున ఆకు అల్లి వచ్చి తరగతిలో కునికే పిల్లలకు ఉద్యోగమంతా సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా అల్లుడికి వర్జీనియాలో ఉద్యోగం వచ్చిందంటే ఊళ్లో నవ్వినవాళ్లున్నారు.

అక్కడ మనవరాలు పదకొండో తరగతి. మే నెలలో ఆ పిల్లకు అమెరికా చరిత్ర పరీక్ష. దాని పేరు ఏపీ యూఎస్ హిస్టరీ. పిల్లలు 'ఏపుష్' అంటారు. కాలేజీ స్థాయి పాఠాన్ని హైస్కూల్లోనే చదివి పరీక్ష రాసే ఏర్పాటు అది. కాలేజ్ బోర్డు అనే సంస్థ దేశమంతటా నడుపుతుంది. వసంతకాలపు సెలవుల్లో సముద్రానికి పోవలసిన కుటుంబం నేను వచ్చానని దారి మార్చుకుంది. "నాన్నకు చూసినట్టుంటుంది, దీనికి రివిజన్ అయినట్టుంటుంది" అంది మా అమ్మాయి.

బయల్దేరే ముందు రాత్రి ఆ పాఠ్యప్రణాళిక తెరిచి చూశాను. చరిత్రను తొమ్మిది కాలాలుగా విడగొట్టారు. మొదటిది 1491లో మొదలవుతుంది. అంటే కొలంబస్ దిగడానికి ఏడాది ముందు. అప్పటికే అక్కడ మనుషులున్నారు, ఊళ్లున్నాయి, మొక్కజొన్న చేలున్నాయి అని చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు. దాన్ని ఎంచుకున్నది ఎవరో గాని పిల్లల ముందు నిలబడిన అనుభవం ఉన్నవాళ్లే. ఇక మార్కుల పట్టిక చూస్తే మన సంగతి గుర్తొచ్చింది. 1491 నుంచి 1607 దాకా నాలుగు నుంచి ఆరు శాతం, 1607 నుంచి 1754 దాకా ఆరు నుంచి ఎనిమిది. రెండున్నర శతాబ్దాలకు మొత్తం కలిపినా పద్నాలుగు శాతం మించదు. ఆగస్టులో బడి తెరిస్తే సెప్టెంబరు దాటకుండా 1607 నాటి జేమ్స్‌టౌన్ వలస ముగించాలి. "మేమిప్పుడు రీగన్ దగ్గరున్నాం తాతయ్యా, జేమ్స్‌టౌన్ ఎవరికి గుర్తుంది?" అంది.

చరిత్ర నడిచిన వరసలో మేం నడవలేదు. ముందు జెఫర్సన్ కొండ, తర్వాత రిచ్‌మండ్, ఆ తర్వాత రెండు నదుల మధ్య ఉన్న పాత ఊళ్లు. షార్లెట్స్‌విల్ వైపు దక్షిణంగా దిగే 29వ నంబరు రోడ్డు మీద పోతుంటే ఓక్ చెట్లు ఇంకా బోడిగానే ఉన్నాయి. వాటి నీడన రెడ్‌బడ్ అనే చిన్న చెట్టు మాత్రం ఆకు వేయకముందే కొమ్మ కొమ్మకూ గులాబీ, ఊదా కలిసిన పువ్వు పెట్టింది. కుడివైపు దూరంగా నీలం పొగ పట్టినట్టు బ్లూ రిడ్జ్ కొండలు. కంచెల వెనక గుర్రాల మేత బీళ్లు. మట్టి ఎర్రగా, మన మెట్ట నేలలానే ఉంది. దారి పొడవునా అక్కడక్కడ వెండి రంగు పలకలు, నల్ల అక్షరాలు. ఇక్కడ ఫలానా యుద్ధం, ఇక్కడ ఫలానా బడి, ఇక్కడ ఫలానావారి తోట. వర్జీనియా ఈ పలకలు పెట్టడం 1927లో మొదలెట్టిందట, ఇప్పుడు రెండువేలకు పైగా ఉన్నాయి. మా జిల్లా పాత హద్దుల్లోనే ఉన్న మోటుపల్లిలో, సముద్ర వర్తకులకు కాకతి గణపతిదేవుడు ఇచ్చిన అభయ శాసనం ఏడున్నర శతాబ్దాలకు పైగా రాతి మీద నిలిచి ఉంది. చీరాల రోడ్డు మీద పోయేవాడికి ఆ సంగతి చెప్పే పలక ఎంత పెద్దదో ఆ దారిన పోయినవాళ్లకు తెలుసు.

జెఫర్సన్ ఇల్లున్న మాంటిసెల్లో కొండ మీద గాలి చల్లగా ఉంది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసేనాటికి థామస్ జెఫర్సన్ వయసు ముప్పై మూడు. మనుషులంతా సమానులుగా సృష్టించబడ్డారని రాసిన ఆ చేతి కింద జీవితకాలంలో ఆరువందల మందికి పైగా బానిసలు బతికారు. ఈ రెండో వాక్యాన్ని ఇల్లు చూపించే గైడు మొదటి గదిలోనే చెప్పింది, గొంతు పెంచకుండా, తగ్గించకుండా. భార్య మార్తాకు సవతి చెల్లెలైన శాలీ హెమింగ్స్ అనే బానిస స్త్రీతో ఆయనకు పుట్టిన పిల్లల సంగతి, 1998లో వచ్చిన డీఎన్ఏ పరీక్షల సంగతి కూడా చెప్పింది. మా గుంపులో టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. ఇల్లు చూద్దామని వచ్చాం, ఈ గొడవంతా ఎందుకమ్మా అన్నాడు. నాకు ఒళ్లు బిగుసుకుంది. మన దగ్గరైతే ఆ మాటతో గుంపు రెండుగా చీలి ఉండేది. ఆవిడ నవ్వి, "ఇటుకలు కాల్చింది ఎవరో చెప్పకుండా ఇల్లు ఎలా చూపించను సార్?" అంది. తర్వాత, మీరేం పనిచేసేవారని అడిగింది. వడ్రంగి. అయితే ఇటు రండి అని తలుపు చట్రం దగ్గరికి తీసుకుపోయి, ఈ కొండ మీద చెక్కపనిలో చేయి తిరిగిన జాన్ హెమింగ్స్ అనే బానిస వడ్రంగి గురించి చెప్పింది. పెద్దాయన కళ్లజోడు తీసి అతుకుల మీద వేలు పెట్టబోయి, ముట్టుకోకూడదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత అన్ని గదుల్లోనూ ముందు వరసలో ఆయనే.

అప్పులతో పోయాడు జెఫర్సన్, 1826 జూలై 4న. మరుసటి ఏడాది జనవరిలో ఆ అప్పుల కింద నూట ముప్పై మందిని ఆ కొండ మీదే వేలం వేశారు. మన పాఠాల్లో మహనీయులకు జయంతి ఉంటుంది, వర్ధంతి ఉంటుంది, బిరుదు ఉంటుంది. అప్పులు ఉండవు. ఇంట్లో పనిచేసినవాళ్ల పేర్లు అసలే ఉండవు. పేరున్నవాడి తప్పు చెబితే పిల్లలకు గౌరవం పోతుందని మన భయం. నేను చూసినంతలో అక్కడి పిల్లలకు జెఫర్సన్ మీద గౌరవం పోలేదు. ఆయనతో మాట్లాడుతున్నట్టు వాదిస్తున్నారు.

మనవరాలి క్లాసులో ఆ ప్రకటనను రెండు ప్రతులుగా చదివించారట. చిత్తుప్రతిలో జెఫర్సన్ బానిస వ్యాపారం పాపమంతా ఇంగ్లండు రాజు నెత్తిన పెట్టి ఒక పేరా రాశాడు. కాంగ్రెస్ దాన్ని కొట్టేసింది. రెండూ పక్కపక్కన పెట్టి, ఈ పేరా ఉంటే ఎవరికి ఇబ్బంది, పోతే ఎవరికి ఇబ్బంది అని అడిగారట. "ఉన్నా జెఫర్సన్‌కి ఇబ్బందే కదా, బానిసలు ఆయన దగ్గరే ఉన్నారు. అయినా ఆయనే రాశాడు. అదే అర్థం కాదు" అంది. కారులో మా అమ్మాయి కట్టించిన పులిహోర తింటూ ఈ మాట మీద షార్లెట్స్‌విల్ దాటేదాకా వాదించుకున్నాం.

దారిలో ఒక చిన్న హోటల్లో ఆగాం. వర్జీనియా హామ్ అంటే పంది తొడను ఉప్పులో నిలవ చేసి పొగ పట్టించింది. మెత్తని బిస్కెట్ మధ్య పెట్టి ఇస్తారు. బిస్కెట్ అంటే మన బిస్కెట్ కాదు, వెన్న వేసి కాల్చిన చిన్న రొట్టె. నేను మాంసం మానేసి చాలా కాలమైంది గనక రొట్టె ఒక్కటే తిన్నాను. వడ్డించే పెద్దావిడ నన్ను 'హనీ' అని పిలిచింది. అల్లుడు నా వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. నా ముందు ప్లేటు ఖాళీ అవలేదని రెండుసార్లు వచ్చి కనుక్కుంది, చివరికి ఉడికించిన బీన్స్ తెచ్చి డబ్బు వేయలేదు. పెద్దవాళ్లు తినకపోతే నొచ్చుకునే గుణం ఆ ప్రాంతంలో ఉంది. ఉత్తరాన మా అమ్మాయి ఉండే ఊళ్లో అది కనబడదు.

రిచ్‌మండ్‌లో ఎక్కువ సేపు నిలవలేదు. చర్చ్ హిల్ మీద సెయింట్ జాన్స్ చర్చి చూశాం. 1775 మార్చి 23న ప్యాట్రిక్ హెన్రీ స్వేచ్ఛ ఇవ్వండి లేదా చావు ఇవ్వండి అన్న అర్థంలో గర్జించాడని లోకమంతా చెప్పుకునే చోటు. తెల్లని చెక్క చర్చి, చుట్టూ సమాధులు. ఆ ప్రసంగం ప్రతి ఏదీ హెన్రీ వదిలి పోలేదు. ఇప్పుడు అందరూ అప్పగించే పాఠం విలియం వర్ట్ అనే లాయరు, విన్నవాళ్లను అడిగి కూర్చి, 1817లో హెన్రీ జీవిత చరిత్రలో అచ్చేసింది. నలభై రెండేళ్ల తర్వాత. ఈ సంగతి చెప్పి, మరి ఎంతవరకు నమ్ముదామని అడగడం అక్కడ హైస్కూల్ మాస్టార్లకు ఇష్టమైన ఆట. మాన్యుమెంట్ అవెన్యూ మీద 1890 నుంచి ఉన్న, అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని జనరల్ లీ విగ్రహాన్ని 2021లో తీసేశారు. ఆ గుండ్రటి స్థలం చుట్టూ కారు ఒకసారి తిప్పి ముందుకు పోయాం.

రిచ్‌మండ్ దాటాక నేల చదునవుతుంది. గాలిలో తేమ. పైన్ చెట్ల మధ్య నుంచి అకస్మాత్తుగా జేమ్స్ నది కనబడింది, ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టు మసకగా. కృష్ణ సముద్రంలో కలిసే ముందు ఇలానే బద్ధకంగా ఉంటుంది. 1607 మే నెలలో మూడు ఓడల్లో నూట నలుగురు మగవాళ్లు, కుర్రాళ్లు వచ్చి లండన్ వర్జీనియా కంపెనీ తరఫున దిగిన చోటు, జేమ్స్‌టౌన్, ఇదే. దిగడానికి ఇంతకన్నా చెడ్డ చోటు దొరకదు. చుట్టూ బురద, దోమలు, తాగితే ఉప్పగా ఉండే నీళ్లు. ఓడలు గట్టు దాకా వస్తాయని, స్పెయిన్ వాళ్ల నుంచి కాచుకోవచ్చని ఎంచుకున్నారు. వాళ్లు కట్టుకున్న కోట నదిలో కొట్టుకుపోయిందని చాలాకాలం అనుకున్నారు. 1994లో విలియం కెల్సో అనే పురావస్తు శాస్త్రవేత్త పార పట్టుకుని తవ్వడం మొదలుపెడితే నేల కిందే దాని ఆనవాళ్లు దొరికాయి. తవ్వకాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. తవ్వుతున్న అమ్మాయి గోతిలో నుంచి తలెత్తి, జల్లెడలో దొరికిన మట్టి గొట్టం ముక్క చూపించింది. పొగాకు పీల్చే గొట్టం.

అక్కడ కనిపించే పిల్లల్లో ఎక్కువమంది నాలుగో తరగతివాళ్లు, ఎందుకంటే వర్జీనియా చరిత్ర ఆ రాష్ట్రంలో నాలుగో తరగతి పాఠం. వాళ్లకు ఓడలు, కవచాలు, పోకహాంటస్ బొమ్మ. అదే పిల్లలు ఏడేళ్లకు మళ్లీ ఈ పాఠానికి వస్తారు. ఆ రోజు అలా రెండోసారి వచ్చిన గుంపు ఒకటి మాకు తారసపడింది. నలభై దాటిన మాస్టారు, పాతిక మంది దాకా పిల్లలు, చేతుల్లో జిరాక్సు కాగితాలు. నేను కూడా టీచర్నేనని చెబితే ఆయన ఒక కాగితం నాకూ ఇచ్చి, వెనక నిలబడమన్నాడు.

కాగితం మీద రెండు ముక్కలు. రెండూ ఆ ఓడల్లో వచ్చిన కెప్టెన్ జాన్ స్మిత్ రాసినవే. స్థానిక పౌహటాన్ల అధిపతికి తాను బందీగా చిక్కిన సంగతి 1608లో రాసినప్పుడు, ఆ అధిపతి కూతురు పోకహాంటస్ అడ్డుపడి ప్రాణం కాపాడిందన్న ఊసే లేదు. 1624 పుస్తకంలో అది వచ్చి చేరింది. ఏది నమ్ముతారు, ఎందుకు? ఒక కుర్రాడు: 1624 నాటికి ఆమె లండన్‌లో పేరు తెచ్చుకుని, చనిపోయి కూడా ఏడేళ్లయింది, కాదనడానికి లేదు గనక కల్పించాడు. ఒక అమ్మాయి: 1608లో కంపెనీవాళ్లు చదువుతారు, పదకొండేళ్ల పిల్ల నన్ను కాపాడిందని ఏ సైనికుడు రాసుకుంటాడు? దాచాడు. మాస్టారు ఇద్దరినీ అవుననలేదు, కాదనలేదు. వెనక నుంచి ఇంకొకడు, "పరీక్షలో ఏది రాయాలి?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రపంచంలో ఏ మూలకు పోయినా ఈ కుర్రాడు తరగతిలో ఉంటాడు. "ఇది పరీక్షలో రాదు, హాయిగా ఆలోచించు" అన్నాడు మాస్టారు.

మ్యూజియంలో పద్నాలుగేళ్ల అమ్మాయి పుర్రె ఉంది. 1609-10 చలికాలాన్ని ఆకలి కాలం అంటారు. ఎలుకలు, చెప్పుల తోలు తిన్నారు. మూడువందల మంది దాకా ఉన్న కోటలో వసంతానికి అరవై మంది మిగిలారు. 2012లో దొరికిన ఈ ఎముకల మీద కత్తి గాట్లను స్మిత్‌సోనియన్ నిపుణులు పరిశీలించి, చనిపోయాక ఆమె మాంసం తిన్నారని తేల్చారు. ఆమె పేరు తెలియదు, జేన్ అని పిలుస్తున్నారు. నాలుగో తరగతి పిల్లల్ని ఆ అద్దం దగ్గరికి టీచర్లు తీసుకురాలేదు. పదహారేళ్ల పిల్లలు మాత్రం చాలా సేపు నిలబడ్డారు, ఒక్కరూ సెల్‌ఫోన్ తీయలేదు.

చర్చిలో 1617 నాటి పునాదులు కనిపిస్తాయి. ఆ గోడల మధ్య 1619 జూలై 30న వర్జీనియా తొలి చట్టసభ కూర్చుంది. ఎండ తట్టుకోలేక ఒక సభ్యుడు చనిపోతే సభను తొందరగా ముగించారు. అదే ఆగస్టు చివర, నది ముఖద్వారం దగ్గర పాయింట్ కంఫర్ట్‌లో, అంగోలా నుంచి పట్టుకొచ్చిన ఇరవై మందికి పైచిలుకు ఆఫ్రికన్లను తిండి సరుకులకు బదులుగా దించారు. ఇక్కడ ఎన్నికైన సభ, అక్కడ అమ్ముడైన మనుషులు, మధ్యలో నాలుగు వారాలు. మాస్టారు పిల్లలకు పని ఇచ్చాడు: ఈ రెండు సంగతులనూ ఒకే వాక్యంలో రాయండి, 'కానీ' అనకుండా.

పిల్లలు పచ్చికలో కూర్చుని బుర్ర గోక్కుంటుంటే ఆయన నాతో మాట్లాడాడు. కొన్నేళ్లుగా ఈ పాఠం చెప్పడమంటే తీగ మీద నడకలా ఉందన్నాడు. 2019 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ దేశం కథ 1619 నుంచి మొదలవుతుందంటూ ప్రత్యేక సంచిక తెచ్చింది. దానికి పోటీగా నాటి ప్రభుత్వం స్వాతంత్ర్య ప్రకటన ఏడాది 1776 పేరుతో కమిషన్ వేసింది. వర్జీనియాలో 2022 జనవరిలో కొత్త గవర్నరు తొలి ఉత్తర్వే బడుల్లో విభజన తెచ్చే భావనల గురించి. ఆ ఏడాది తయారైన చరిత్ర పాఠ్య ప్రమాణాల ముసాయిదా గొడవై వెనక్కిపోయింది, 2023 ఏప్రిల్‌లో మార్చి ఆమోదించారు. "నేను ఏ పక్షమూ చెప్పను. కాగితాలు ఇస్తాను. కాగితం మీద ఫిర్యాదు చేయడం కష్టం" అన్నాడు. హైదరాబాద్ సంస్థానం దేశంలో కలిసిన 1948 సెప్టెంబరు 17 గురించి తెలంగాణ బడిలో చెప్పే మిత్రుడొకడు ఇలాగే పది మాటలు తూచి ఒకటి వాడటం నేను చూశాను. ఆ మాట ఈయనకు చెబితే, ఎక్కడ ఏమిటి అని వివరాలు అడిగి చేతి మీద రాసుకున్నాడు.

విలియమ్స్‌బర్గ్ చేరేసరికి సాయంత్రం. 1699 నుంచి 1780 దాకా వర్జీనియాకు రాజధాని. తర్వాత చిన్న ఊరై మిగిలింది. 1926లో గుడ్విన్ అనే చర్చి గురువు చమురు కుబేరుడు రాక్‌ఫెల్లర్ జూనియర్‌ను ఒప్పించి పాత ఊరిని పాతగానే మళ్లీ కట్టించడం మొదలుపెట్టాడు. ఇప్పుడు నడివీధిలో గుర్రపు బండ్లు, మూడు మూలల టోపీలు, కమ్మరి కొలిమి. నాకు మొదట సినిమా సెట్టులా తోచింది. కొంచెం సేపు కాగానే అభిప్రాయం సగం మారింది. కోర్టులో పాత కేసు ఒకటి నడిపిస్తూ చూడవచ్చినవాళ్లనే సాక్షులుగా పిలుస్తారు. మా అల్లుణ్ణి పంది దొంగతనం మీద ప్రశ్నించారు, పాపం తడబడ్డాడు. విప్లవానికి ముందు ఈ ఊరి జనంలో సగానికి పైగా నల్లవాళ్లు. ఆ సగం చాలా ఏళ్లపాటు ఈ వీధిలో కనిపించలేదట. ఇప్పుడు కనిపిస్తోంది. 1760 నుంచి 1774 దాకా ఆన్ వేజర్ అనే వితంతువు నల్ల పిల్లలకు చదువు చెప్పిన బ్రే స్కూల్ భవనాన్ని 2023లో చక్రాల మీద ఎక్కించి ఈ వీధుల్లోకి తెచ్చారు. యజమాని మాట వినడం దైవాజ్ఞ అని నేర్పడానికి పెట్టిన బడి అది. అక్షరాలు నేర్పాక పిల్లలు ఏది చదువుకుంటారో ఎవరి చేతిలోనూ ఉండదు. పాత వర్జీనియా గెజెట్‌లో పారిపోయిన బానిసల ప్రకటనల మధ్య 'ఈస్ట్ ఇండియన్' అని గుర్తు చెప్పిన మనుషులు కూడా ఉన్నారు. వాళ్లు ఏ రేవులో ఓడెక్కారో ఆ ప్రకటనలు చెప్పవు. కోరమండల్ తీరంలోనే పుట్టినవాణ్ణి కనక కాసేపు నా కళ్లు అక్కడి నుంచి కదల్లేదు.

పాత సత్రంలో వేరుశనగ సూపు ఇచ్చారు. చిక్కగా, వెన్నలా, కొంచెం తియ్యగా. కారం లేని పల్లీ పచ్చడిని వేడిచేసి తాగినట్టుంది; బాగుందనే చెప్పాలి. అక్కడే మనవరాలు తన వాక్యం తీసింది. ఆ మాస్టారు ఇచ్చిన పని దీన్నీ పట్టుకుంది. 'కానీ' లేకుండా కుదరడం లేదట. మధ్యలో ఏముందో చూడు అన్నాను. జాన్ రోల్ఫ్ అనేవాడు 1612 ప్రాంతంలో పొగాకు సాగు పట్టాలెక్కించాడు, ఇది తెలుసు. "అయితే పొగాకుకి అంతమంది ఎందుకు తాతయ్యా? గోధుమ వేసుకోవచ్చుగా?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరుంది. నారుమడి పోయాలి, ఆవగింజలో పదో వంతు గింజ. నాట్లు వేయాలి. తల తుంచాలి. తల తుంచితే పిలకలు వస్తాయి, పిలకలు తీస్తే మళ్లీ వస్తాయి. పురుగు ఏరాలి. ఆకు ఒక్కసారిగా పండదు గనక కింది నుంచి పైకి ఆరేడు రెలుపులు. వంగిన నడుం ఎత్తకూడదు. అల్లాలి, ఆరబెట్టాలి, గ్రేడు చేయాలి, తడి ఎక్కువైతే బూజు, తక్కువైతే పొడి. గోధుమ కోసేటప్పుడే మనిషిని అడుగుతుంది. పొగాకు ఏడాది పొడుగునా మనిషిని తింటుంది. మీ అమ్మమ్మ చేతులకు పట్టిన ఆ జిగురు సబ్బుకు పోయేది కాదు అని చెప్పాను. వర్జీనియాలో నేల ఉంది, మనిషి లేడు. మొదట ఇంగ్లండు నుంచి కొన్నేళ్ల ఒప్పందానికి కూలీలను తెచ్చారు, తెచ్చినవాడికి తలకు యాభై ఎకరాలు ఇచ్చారు. ఆ కూలీలు, చిన్న రైతులు 1676లో బేకన్ అనేవాడి వెనక తిరగబడ్డారు. అటుపైన తోటల యజమానులు ఆఫ్రికన్ బానిసల వైపు మరింత మొగ్గారు. "ఇది ప్రతి పరీక్షలో వస్తుంది" అంది మనవరాలు, విసుగ్గా కాదు.

మేం కూర్చున్న ఊళ్లో చర్చి గురువుల జీతం కూడా పొగాకే, ఏడాదికి పదహారువేల పౌండ్లు. ధర పెరిగిన ఏడు చట్టసభ దాన్ని డబ్బుగా, తక్కువ లెక్కకు ఇవ్వబోతే గురువులు కోర్టుకెక్కారు. గురువులకు వ్యతిరేకంగా వాదించి ప్యాట్రిక్ హెన్రీ పేరు తెచ్చుకున్నాడు. మా బ్యారన్లలో ఆకు పసుపు రంగు తిరిగే పద్ధతి ఉందే, అది 1839లో ఉత్తర కెరొలినాలో స్టీఫెన్ అనే బానిస కుర్రాడు రాత్రి కునుకు తీసి, ఆరిపోతున్న మంట మీద బొగ్గు వేసినప్పుడు పుట్టిందని చెబుతారు. మా ఊళ్లో ఆ పసుపు రంగును బట్టే ధర. స్టీఫెన్ పేరు మాత్రం ఏ వేలం కేంద్రంలోనూ వినలేదు.

పడుకోబోయే ముందు వాక్యం పూర్తయింది. పొగాకు పండించేవాళ్లకు నేల మీద హక్కు కావాలి, ఆ నేలలో వంగే నడుములు కావాలి గనక 1619 వేసవిలో వర్జీనియా సభనూ తెచ్చుకుంది, మనుషులనూ కొనుక్కుంది అని దాని సారం. ఇంగ్లీషులో ఇంకా బిగువుగా ఉంది. బానిసలు అనే మాట రాసి కొట్టేసింది. బానిసత్వం పూర్తి చట్టంగా గట్టిపడటానికి ఇంకా దశాబ్దాలు పట్టిందని, తల్లి బానిసైతే బిడ్డా బానిసే అన్నది 1662 చట్టమని దానికి గుర్తుంది.

ఇదంతా విని అక్కడి చదువు స్వర్గమనుకోవద్దు. ఆ పరీక్షలో డీబీక్యూ అనే ప్రశ్న ఉంటుంది. ఏడు పాత పత్రాలు ఇచ్చి, గంటలో వ్యాసం రాయమంటారు. ఎంత గొప్ప ఆలోచన అనుకున్నాను, మనవరాలు దాని కిటుకు చెప్పేదాకా. మొదటి పేరాలో వాదన ఒక పాయింటు, నేపథ్యం ఒక పాయింటు, పత్రం ఎవరు ఎందుకు రాశారో రెండింటికైనా చెబితే ఒక పాయింటు. పిల్లలు ఆ మూసలు బట్టీ పట్టి వస్తారు. ఎవరిని అనుమానించాలో కూడా గైడులో ఉంటుంది. మన నాలుగు మార్కుల ప్రశ్నకు ఉపశీర్షికలు పెట్టి కింద గీత గీసినట్టే. జేమ్స్‌టౌన్ మాస్టారు పరీక్షలో రాదని చెప్పిన ప్రశ్న దగ్గరే పిల్లలు నిజంగా తల పట్టుకోవడం నేను గమనించాను.

మర్నాడు యార్క్‌టౌన్. మైదానం అంచున వాషింగ్టన్ సేన, ఫ్రెంచి సేన నిలబడ్డ చోట్లు, మధ్యలో గడ్డి దిన్నెలు. సముద్రం వైపు ఫ్రెంచి నౌకలు అడ్డుపడితే, నేల మీద మూడు వారాల ముట్టడి. కోటలో మశూచి సోకిన నల్లవాళ్లను, స్వేచ్ఛ ఇస్తారని ఇంగ్లీషువాళ్ల పంచన చేరినవాళ్లను, ఇంగ్లీషు సేనాపతి కార్న్‌వాలిస్ బయటికి వెళ్లగొట్టాడు. 1781 అక్టోబరు 19న ఆయన సైనికులు ఏడువేల మందికి పైగా ఆయుధాలు పడేశారు. ఒంట్లో బాగాలేదని కార్న్‌వాలిస్ రాలేదు, ఓహారా అనే అధికారిని పంపాడు. చెప్పే పార్కు రేంజరు మంచి మాటకారి. ఇక్కడితో అమెరికా మొదలైంది, కార్న్‌వాలిస్ ఇంటికి పోయాడు అని ముగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంటికి పోయి ఊరుకోలేదు" అన్నాను కారు దగ్గరికి నడుస్తూ. "మన దగ్గరికి వచ్చాడు." మనవరాలు ఆగింది. 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1788లో నిజాం మీద ఒత్తిడి తెచ్చి గుంటూరు సర్కారును ఈస్టిండియా కంపెనీ చేతికి తెచ్చాడు. 1792లో శ్రీరంగపట్నం ముట్టడించి టిప్పు కొడుకుల్ని ఇద్దరిని తాకట్టు తీసుకున్నాడు. ఆ సంధిలో కడప సీమ నిజాంకు పోయి, 1800లో కంపెనీకి దత్తమైంది. 1793లో బెంగాల్‌లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు ఏర్పాటు పదేళ్లు తిరిగేసరికి మన ఉత్తర సర్కార్ల జమీందారీల్లోకి వచ్చింది. 1805లో మళ్లీ వచ్చి గాజీపూర్‌లో పోయాడు, సమాధి అక్కడే ఉంది. ఇక్కడ ఓడిన మనిషి అక్కడ గెలిచాడు.

"తాతయ్యా, ఇది కాంప్లెక్సిటీ పాయింట్‌కి పనికొస్తుంది!" వ్యాసాల్లో ఎవరికీ అంత తేలిగ్గా దొరకని ఆఖరి పాయింటు అదట. ఫోనులో గబగబా కొట్టుకుంటూ, "గుంటూరుకి రెండు వైపుల డాక్యుమెంట్లు కావాలి. కంపెనీది ఒకటి, నిజాందొకటి" అంది. కంపెనీ ఉత్తరాలు అచ్చులో దొరుకుతాయి, అసఫ్ జాహీ కాలపు పారశీక కాగితాలు హైదరాబాద్ తార్నాకలో ఆర్కైవ్స్‌లో ఉన్నాయి అన్నాను. "మరి అక్కడ ఊళ్లలో ఉన్నవాళ్లది?" కైఫియత్తులున్నాయి, మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి తెలుగులో రాయించారు, గుంటూరువి కూడా ఉన్నాయి అన్నాను. "చెప్పింది ఎవరు? రైతులా?" చాలావరకు కరణాలు. "కరణం అంటే ఎవరి మనిషి? ఊరి మనిషా, సర్కారు మనిషా?"

అల్లుడు కారు తీశాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు రిచ్‌మండ్ దాటేదాకా పట్టింది, మధ్యలో మా అమ్మాయి కూడా వాదనలోకి దిగి మా పెదనాన్న కరణీకం సంగతి బయటికి తీసింది.